ఏడో వీధి కుక్క

మా బావ జీవితం మొత్తంలో చేసిన ఘనకార్యం ఒక్కటే. ఒక బొమ్మ కుక్క మీది నుంచి దూకాడు. అదీ ఇరవై ఆరేళ్ళ కిందట, మా నాన్న నడిపిన వీడియో గేమ్ పార్లర్‌లో, పట్టపగలు మూడు గంటలకు. ఆ ఒక్క దూకు చూపించి మా అక్కను పెళ్ళి చేసుకున్నాడు. తరవాత డ్రైవింగ్ స్కూలు పెట్టుకుని, పక్క సీట్లో చెమటలు కక్కుతూ క్లచ్ ఎక్కడుందో వెతుక్కునే ప్రతి మనిషికీ గేర్ల కంటే ముందు ఆ కుక్క సంగతే చెప్పేవాడు. ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. ఏడో వీధి మాస్టారు అంటారు. అది వెటకారమని అందరికీ తెలుసు, ఆయనకు తప్ప.

ఆ ఆట ఇప్పుడు ఫోన్లలో ఊరికే దొరుకుతోంది కాబట్టి ఎరగని వాళ్ళు తక్కువ. అయినా చెబుతాను. ఎర్ర టోపీ పోస్టుమాన్ ఒకడు భుజాన సంచీతో ఎడమ నుంచి కుడికి పరిగెత్తుతుంటాడు. వీధి వెనక్కి జరిగిపోతుంటుంది. కాలవలు, బండ్లు, ప్రహరీలు దూకాలి. వీధి చివర కుక్క ఎదురొస్తుంది, దాన్నీ దూకాలి. ఎనిమిది వీధులు, మూడు ప్రాణాలు. ఏడో వీధి కుక్క మిగతావాటికి రెట్టింపు వేగంతో వస్తుంది. ఎంతటి వాడికైనా మూడో ప్రాణం అక్కడ పోవలసిందే. ఇంతే ఆట. ఇందులో నెత్తిన పెట్టుకోవలసింది ఏముందో నాకు తొమ్మిదేళ్ళప్పుడూ తెలియలేదు, ముప్పై అయిదేళ్ళు వచ్చినా తెలియలేదు.

ఆ ఏడు వేసవి మొదట్లో ఒక గడ్డం ఆసామి నా షాపుకి వచ్చాడు. నేను ఫ్యాన్లు, స్టవ్‌లు, ఇస్త్రీ పెట్టెలు, వైరు ఉన్న వస్తువు ఏదైనా బాగు చేస్తాను. నాన్న పోయాక పార్లర్ మూసేసి అదే గదిలో పెట్టుకున్న షాపు. మెషిన్లన్నీ పాత ఇనుము కింద వెళ్ళిపోయాయి గానీ పోస్టుమాన్ మెషిన్ ఒక్కటి బరువెక్కువై మూల మిగిలిపోయింది. దాని నెత్తిన నేను ఊడిన ఫ్యాన్ రెక్కలు పెట్టుకునేదాన్ని. గడ్డం ఆసామి ఆ రెక్కల కింద నుంచి ఎర్ర టోపీ బొమ్మను చూసి, గుమ్మంలోనే చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

పాత ఆటల ప్రదర్శన పెడుతున్నారట. ఇవాళ ఫోన్లలో పరిగెత్తే, దూకే ప్రతి బొమ్మా ఈ పోస్టుమాన్ వంశమేనట. ఈ ఆటలో వెనక్కి వెళ్ళే వీలు లేదనీ, దాటిన వీధి మళ్ళీ కనబడదనీ, అందులో గొప్ప జీవిత సత్యం ఉందనీ అరగంట చెప్పాడు. దాటిన వీధిని దాచుకోడానికి బోర్డులో చోటు చాలదు కాబట్టి చెరిపేస్తుందని, అది సత్యం కాదు, చిప్పుల పొదుపు అని చెప్పాను. అతను నా మాటలు కూడా భక్తిగా పుస్తకంలో రాసుకున్నాడు. ఇలాంటి వాళ్ళను తిట్టినా లాభం లేదు, దాన్ని కూడా అద్దాల పెట్టెలో పెడతారు.

మెషిన్‌కు ప్రాణం పోసే పని నాకు అప్పగించాడు. ఆ మాటల్లోనే గోడ మీద సగం చెరిగిన పెయింటు రాత చదివాడు. 'ఏడో వీధి దాటిన మొనగాడు' అని నాన్న రాయించిన రాత. ఆ మొనగాడు ఇంకా ఉన్నారా అని అడిగాడు. ఉన్నాడు, రెండు వీధుల అవతల రివర్సు నేర్పిస్తున్నాడు అని చెప్పాను. అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఈ కథ లేదు.

వేసవి చివరి ఆదివారం పెద్ద హాల్లో అందరి ముందూ బావ ఆ ఆట ఆడాలి. ఏడో వీధి దాటి చూపించాలి. అందాకా మెషిన్ నా షాపులోనే ఉంటుంది, ఆయన వచ్చి చెయ్యి మళ్ళీ అలవాటు చేసుకోవచ్చు. ఈ కబురు వినగానే బావ ఇంటి ముందు నడక మారింది. కొత్త చొక్కా కుట్టించాడు. ఎదురింటి వాళ్ళకీ, పాల మనిషికీ, తనకు పరీక్ష పెట్టిన లైసెన్సు ఆఫీసరుకీ చెప్పాడు. నేను వాళ్ళ మేడ మీదే ఉంటాను కాబట్టి నాకు రోజుకు మూడు పూటలా చెప్పాడు.

అక్క మాత్రం ఆ మర్నాడే తన కుట్టు యూనిట్‌లో సెలవు అడిగి నా దగ్గరికి వచ్చింది. బడులు తెరిచే ముందు వాళ్ళకు యూనిఫాంల సీజను, ఊపిరి సలపదు. అలాంటిది ఒంటి నిండా దారప్పోగులతో వచ్చి, షట్టరు సగం దించి, మెషిన్ వైపు చూస్తూ నిలబడింది.

"మీటలు గుర్తున్నాయా నీకు?" అంది.

గుర్తు లేకేం. ఆ మెషిన్ వెనక తలుపు తీస్తే లోపల బోర్డు మీద చిట్టి మీటలు ఒక వరస ఉంటాయి, పాల పళ్ళంత. వాటిలో రెండు కుక్కల వేగానివి. పైకి ఉంటే జోరు, కిందికి ఉంటే నెమ్మది. పార్లర్లలో పైకే పెట్టేవాళ్ళు. నాన్న రోజూ మధ్యాహ్నం అన్నం తిని కునుకు తీసేవాడు. ఆ రెండు గంటలూ అక్క కౌంటర్లో కూర్చునేది. సరిగ్గా మూడింటికి బావ వచ్చేవాడు. ఆయన వచ్చే అయిదు నిమిషాల ముందు అక్క వెనక తలుపు తీసి, నా చేత టార్చి పట్టించి, గోటితో ఆ రెండు మీటలూ కిందికి నొక్కి, మెషిన్ ఆపి మళ్ళీ వేసేది. ఆయన వెళ్ళగానే పైకి. ఊళ్ళో అందరూ పులులతో ఆడితే మా బావ ఒక్కడూ పిల్లులతో ఆడాడు. ఆ సంగతి ఆయనకు తెలియదు. నాన్నకు తెలియదు. నాకు తెలుసు. చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది.

"మళ్ళీ అలాగే పెట్టవే. ఆయనకు ఉన్నది అదొక్కటే. అదీ నేను తెచ్చిపెట్టిందే అనుకో. అందరి ముందూ అది ఊడిపోతే, ఇంటికొచ్చి ఆయన మొహం నేను ఎలా చూడను?"

తల ఊపాను. అక్క వెళ్ళాక వెనక తలుపు తీసి, రెండు మీటలూ పైకి పెట్టాను.

ఎందుకంటే, ఇరవై ఆరేళ్ళు వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. పదిహేనేళ్ళప్పుడు నాకు లెక్కల్లో వంద వస్తే, మార్కులదేముంది మరదలా, ఏడో వీధి దాటి చూపించు అన్న మనిషి ఆయన. నాన్న దినం నాడు వచ్చిన వాళ్ళకు కూడా గోడ మీద రాత చూపించాడు. నేను చేసింది అన్యాయమని ఎవరూ అనలేరు. ఊరందరూ ఆడిన ఆటే ఆయనకూ పెట్టాను. పది రోజుల్లో చేతులెత్తేసి, నడుం నొప్పి అని గడ్డం ఆసామికి కబురు పెట్టి, జన్మలో మళ్ళీ ఆ కుక్క ఊసెత్తడని నా లెక్క. పైగా అక్క కళ్ళకు కట్టిన గంతలు కూడా ఊడతాయి.

మొదటి రోజు ఆయన వేళ్ళు విరుచుకుంటూ వచ్చాడు. నన్ను పక్కన నిలబడి చూసి నేర్చుకోమన్నాడు. రెండో వీధిలో మూడు ప్రాణాలూ పోయాయి. హ్యాండిల్ పట్టేస్తోందన్నాడు. నేను హ్యాండిల్ విప్పి, నూనె వేసి, బిగించి ఇచ్చాను. ఈసారి మొదటి వీధిలోనే పోయాయి.

"అప్పట్లో కుక్కలు ఇంత జోరుగా వచ్చేవి కావు మరదలా."

"వయసు బావా. అది మీకే వస్తుంది, కుక్కలకు రాదుగా."

ఆయన కాసేపు తెర వైపు చూసి, అంతే అయి ఉంటుంది అన్నాడు. వెనక్కి తిరిగి సోల్డరింగ్ చేస్తూ నేను ఎంత నవ్వుకున్నానో చెప్పలేను. ఆ వేసవిలో నాకు అంతకంటే సుఖమైన మధ్యాహ్నం ఇంకోటి లేదు.

అసలు వినోదం ఆయన కాలు. డ్రైవింగ్ నేర్పే వాళ్ళ కారులో పక్క సీటు కింద ఇంకో బ్రేకు ఉంటుంది. ఇన్నేళ్ళూ ఆ బ్రేకు తొక్కి తొక్కి, ఎదురుగా ఏది కనబడినా ఆయన కుడి కాలు నేలను నొక్కేస్తుంది. పోస్టుమాన్‌కు కుక్క ఎదురు కాగానే బావ ఒళ్ళంతా బిగుసుకుని, లేని బ్రేకును తొక్కేవాడు. ఆ రెప్పపాటులో కుక్క పోస్టుమాన్‌ను కరిచేది. ఎవరికైనా చెప్పుకుని నవ్వుదామంటే ఒక్కరూ లేరు.

పది రోజులు గడిచాయి. నడుం నొప్పి రాలేదు. క్లాసులన్నీ పొద్దుటికి మార్చుకుని మధ్యాహ్నం పన్నెండుకల్లా వచ్చేవాడు. ముందు కొత్త చొక్కా పోయి పాతది వచ్చింది. తరవాత మాటలు తగ్గాయి. దూకు బటన్ నొక్కి నొక్కి చూపుడు వేలు బొబ్బ కట్టి పగిలితే గుడ్డ చుట్టుకుని ఆడాడు. అక్క ఇంటికి వచ్చి ఎలా సాగుతోందని అడిగితే, బాగానే ఉంది అని ఒక్క ముక్క అనేవాడు. మామూలుగా ఆ ప్రశ్నకు గంటన్నర జవాబు చెప్పే మనిషి. అక్క నా వైపు చూసేది, నేను తల ఊపేదాన్ని. మీటలు కిందే ఉన్నాయని ఆమె ధైర్యం.

మూడో వారంలో ఒక చేతిపుస్తకం తెచ్చాడు. కొత్తగా కారు పట్టిన వాళ్ళకు మలుపులు గీసి చూపించినట్టు, ఒక్కో వీధినీ గీతలు గీసుకున్నాడు. ఎక్కడ కాలవ, ఎక్కడ దీపస్తంభం, అక్కడి నుంచి ఎన్ని అడుగులు.

"కనబడ్డాక దూకితే లాభం లేదు" అన్నాడు ఒక రోజు, నాతో కాదు, తనలో తను. "కనబడక ముందే దూకాలి. మూడో స్తంభం దగ్గర మొదలెట్టి నాలుగు లెక్కపెట్టాలి. నాలుగంటే నాలుగే."

అప్పటి నుంచి ఆయన కుక్కను చూడడం మానేశాడు. లెక్క పెట్టడమే. ఒకటీ రెండూ మూడూ నాలుగూ, దూకు. కాలు నేలను తొక్కడం కూడా మానేసింది. నాలుగో వీధి దాటాడు, అయిదు దాటాడు. నేను ఫ్యాన్ మోటారు విప్పి ముందు పెట్టుకుని కూర్చుంటున్నాను గానీ చెవులు ఆ లెక్క మీదే ఉండేవి. అది నాకు నచ్చలేదు. ఒక మనిషిని చులకన చేయడం అలవాటైపోయాక, ఆయన ఆ అలవాటు చెడగొడుతుంటే ఒళ్ళు మండుతుంది. నేను ఉన్న మాటే చెబుతున్నాను.

ఆదివారానికి ఇంకా అయిదు రోజులు ఉందనగా, షట్టరు బయట ఎండ దంచేస్తుండగా, ఆయన ఏడో వీధి దాటాడు. మీటలు పైకి ఉన్న మెషిన్ మీద, మా పార్లర్ తెరిచిన నాటి నుంచి మూసేదాకా ఎవ్వరూ దాటని చోటు. పోస్టుమాన్ ఖాళీ గాలిలోకి లేచాడు, కింద ఏమీ లేదు, అప్పుడు ఆ కుక్క వచ్చి అతని కాళ్ళ కింద నుంచి దూసుకుపోయింది. ఎనిమిదో వీధి తెర మీదికి వచ్చింది. అది ఆకుపచ్చగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

నేను చిందులేస్తాడనుకున్నాను. ఆయన హ్యాండిల్ వదిలేసి, మంచినీళ్ళు అడిగాడు. గ్లాసు ఖాళీ చేసి నా చేతికిచ్చాడు.

"మీ అక్కకు చెప్పకు. అక్కడే చూస్తుంది."

చెప్పనన్నాను. నిజానికి ఆ సాయంత్రమే అక్కను పక్కకు పిలిచి, నీ మొగుడు నీ మీటల అవసరం లేకుండా దాటాడే అని చెప్పవలసింది నేనే. చెబితే నేను వేసవి అంతా చేసిన పని కూడా బయటపడుతుంది. అంతకంటే, ఆయన గెలిచాడని నా నోటితో చెప్పాలి. నోరు రాలేదు. ఎలాగూ ఆదివారం తనే చూస్తుంది కదా అని సరిపెట్టుకున్నాను.

ఆదివారం హాలు కిటకిటలాడింది. ఎర్ర టోపీ బొమ్మ ఉన్న బనియన్లు, కప్పులు, దిండ్లు. జన్మలో ఒక్క ఉత్తరం రాయని పిల్లలు నెత్తిన పోస్టుమాన్ టోపీలు పెట్టుకుని తిరుగుతున్నారు. కళ్ళద్దాల ఆవిడ ఒకరు మైకు ముందుకు వచ్చి, ఈ ఆట మనందరి బాల్యానికి చిరునామా అంది. నా బాల్యానికి దానివల్ల అబ్బింది టార్చి పట్టుకోవడం ఒక్కటే. పొద్దున్నే ఆ మెషిన్‌ను మోయించి, కనెక్షన్ ఇచ్చి, వెనక తలుపు తాళం వేసి, తాళంచెవి నేను జేబులో వేసుకున్నాను. నాన్న దగ్గరుండే రెండో తాళంచెవి ఎక్కడుందని ఏనాడూ ఆలోచించలేదు.

గడ్డం ఆసామి బావను వేదిక మీదికి పిలిచాడు. చప్పట్లు మోగాయి. బావ కొత్త చొక్కా వేసుకున్నాడు గానీ కాలరు ఎగరేయలేదు, ఎవరి వైపూ చెయ్యి ఊపలేదు. నేరుగా వెళ్ళి మెషిన్ ముందు నిలబడి, వేలికి గుడ్డ చుట్టుకుంటున్నాడు. అప్పుడు అక్క నా పక్కకు జరిగి చెవిలో అంది.

"అందరూ టీలకు వెళ్ళినప్పుడు నాన్న తాళంచెవితో తలుపు తీసి చూశానే. మీటలు రెండూ పైకి ఉన్నాయి. ఆ గడ్డం వాడి పనే అయి ఉంటుంది. నేను కిందికి నొక్కి, ఆపి మళ్ళీ వేశాను. ఇంక భయం లేదు."

బావ ఇంకా గుడ్డ ముడి వేసుకుంటున్నాడు. వేదిక నాకు పది అడుగుల దూరం. వైరు వదులైంది ఆగండి అంటే చాలు, మెషిన్ నాది, ఎవరూ అడ్డు చెప్పరు. లేచి నిలబడ్డాను కూడా. అప్పుడు అక్క, ఎక్కడికే అంది. ఏం చెప్పను? ఒక్క మాట చెబితే మిగతావన్నీ చెప్పాలి. నెమ్మదిగా వచ్చే కుక్కే కదా, ఆ మాత్రం దూకలేడా అనుకున్నాను. కూర్చున్నాను.

మొదటి వీధి చివర బావ నాలుగు లెక్కపెట్టి దూకాడు. కుక్క ఇంకా రాలేదు. పోస్టుమాన్ గాలిలోకి లేచి, కిందికి దిగి, రెండు కాళ్ళూ నేల మీద ఆనించి నిలబడ్డాక, అది తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి కరిచింది. ఎవరో కిసుక్కున నవ్వారు. రెండో ప్రాణం కూడా అంతే. రోజుల తరబడి వేలికి నేర్పిన లెక్క అది, వద్దంటే వినదు. మూడోసారి ఆయన లెక్క మానేసి కళ్ళతో చూడబోయాడు. కుక్క కనబడింది. ఆయన కుడి కాలు వేదిక చెక్కను గట్టిగా తొక్కింది.

మొదటి వీధి దాటలేదు. మొత్తం ఒక నిమిషం కూడా పట్టలేదు. గడ్డం ఆసామి మైకు లాక్కుని, గెలుపోటములు ముఖ్యం కాదు, వారసత్వం ముఖ్యం అన్నాడు. ఆ తరవాత చిన్న జడల పిల్ల ఒకతె ఎక్కి, చూయింగ్ గమ్ నములుతూ మూడో వీధి దాకా వెళ్ళింది. ఆ పిల్లకు పడినన్ని చప్పట్లు బావ వేదిక ఎక్కినప్పుడు కూడా పడలేదు.

ఆ వేసవి అయ్యాక మా ఇంట్లో కుక్క కథ ఎవరూ ఎత్తలేదు. నేను కోరుకున్నదే. అక్క మారిపోయింది. బావ ఏదైనా చెబుతుంటే మధ్యలోనే లేచి వెళ్ళిపోతుంది. కొత్త బండి కొందామని ఆయనంటే, నువ్వు చేసే పనేనా అది అంటుంది. నాతో ఒకసారి, నువ్వు మొదటి నుంచీ ఆయన్ని సరిగ్గానే అంచనా వేశావే, నేనే వెర్రిదాన్ని అంది. అంత తేలికలో పెట్టినా మూడుసార్లు పడ్డాడంటే, ఆ రోజుల్లో కూడా ఎలా దాటాడో, అంది. నేను ఇరవై ఆరేళ్ళు ఆయన్ని ఏ కంటితో చూశానో ఆమె ఇప్పుడు ఆ కంటితో చూస్తోంది. ఆ చూపు ఆమె ముఖం మీద ఎంత అసహ్యంగా ఉంటుందో నాకు ముందు తెలియదు. నా ముఖం మీద ఎలా ఉండేదో చెప్పడానికి ఎవరూ లేకపోయారు.

అది మొదలైంది మాత్రం ఆ ఆదివారం కారులోనే. ఇంటికి వస్తున్నాం. స్కూలు కారే, రెండు బ్రేకులది. బావ నడుపుతున్నాడు, అక్క పక్కన, నేను వెనక.  మా వీధి మలుపు దగ్గర ఆయన మెల్లగా అన్నాడు.

"కుక్క నెమ్మదిగా వచ్చింది."

ఆ వేసవిలో కుక్క వేగం గురించి ఆయన చెప్పిన రెండో నిజం అది. అక్క ఒక్క క్షణం ఆయన వైపు చూసి, నవ్వింది. పెళ్ళయ్యాక ఆయన్ని చూసి ఆమె అలా నవ్వడం నేను ఎప్పుడూ వినలేదు. ఆయన పైనున్న అద్దంలోంచి నా వైపు చూశాడు. ఆ ఆకుపచ్చ వీధిని ఆయనతో పాటు చూసిన మనిషిని నేనొక్కదాన్నే. నువ్వైనా చెప్పు అన్నట్టు, మలుపు తిరిగేదాకా అలాగే చూశాడు.

నేనూ నవ్వాను.